అత్తమ్మ ఖోలి వెతుక్కుంటూ 25 వేలతో బొంబాయికి

మా ఇంట్లో ముంబై అనే మాట లేదు. అత్తమ్మకు అది బొంబాయే. పెళ్ళయిన రెండేళ్ళకు, 1974లో, నిజామాబాద్ జిల్లా పల్లె నుంచి మామయ్య వెంట వెళ్ళింది. మామయ్యకు బట్టల మిల్లులో పని. వర్లీలో బీడీడీ చాళ్ళు, అంటే వరస గదుల పాత బిల్డింగులు, వాటిలో ఒక ఖోలి. ఖోలి అంటే గది, అంతే. మావారు పుట్టింది ఆ గదిలో ఉన్నప్పుడే. 1982 జనవరి 18న మిల్లు కార్మికుల సమ్మె మొదలైంది. ఏడాదికి పైగా చూసి, ఇక మిల్లు పిలవదని అర్థమయ్యాక మూటాముల్లె సర్దుకుని ఊరికి వచ్చేశారు. ఆ తర్వాత అత్తమ్మ బీడీలు చుట్టి పిల్లల్ని సాకింది. మళ్ళీ ఆ నగరం మొహం చూడలేదు.

2025 ఆగస్టులో టీవీలో వర్లీ చాళ్ళ వార్త వచ్చింది. పాత బిల్డింగులు పడగొట్టి కట్టిన టవర్లలో మొదటి 556 కుటుంబాలకు ఇంటి తాళాలు ఇస్తున్నారు. అత్తమ్మ అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి చూసింది. "నేనున్న ఖోలి సుత పడగొడ్తరా?" అని ఒక్కమాట అడిగింది. ఆమెకు 72 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు. ఇప్పుడు తీసుకుపోకపోతే ఇంకెప్పుడూ కాదనిపించింది.

నేను ప్రైవేటు బళ్ళో టీచర్‌ని, మావారిది ఎలక్ట్రికల్ షాపు. చిట్టీ డబ్బుల్లోంచి 25 వేలు పక్కన పెట్టాం. ఐదుగురం: మేమిద్దరం, అత్తమ్మ, పన్నెండేళ్ళ పెద్దది, ఎనిమిదేళ్ళ చిన్నోడు. బొంబాయిలో పాతిక వేలు ఒక రోజుకు చాలవని భయపెట్టినవాళ్ళే ఎక్కువ. అందుకే ఏం జరిగిందో వరుసగా రాస్తున్నాను.

డిసెంబర్ 11, గురువారం బయల్దేరాలి. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు కాబట్టి అక్టోబర్ 12 ఆదివారం పొద్దున 8 గంటలకు ఫోన్ పట్టుకుని కూర్చున్నాం. బుకింగ్ కాదు. అప్పుడు తెలిసింది, ఆ నెల నుంచే కొత్త నిబంధన: అప్పట్లో మొదటి పావుగంట ఆధార్ జతచేసిన ఖాతాలకే. మావారి ఖాతాకు లేదు. 8:15 దాకా గుండె దడదడ. తర్వాత మామూలుగానే దొరికాయి. మీరు వెళ్ళేట్టయితే ఆ పని ముందురోజే చేసి పెట్టుకోండి.

ఇంకోటి. అత్తమ్మకు కింది బెర్తు ఖాయంగా రావాలని ఆమె టికెట్ విడిగా, సీనియర్ల లోయర్ బెర్త్ కోటాలో తీశాం. కింది బెర్తు వచ్చింది. కానీ ఆమెది ఎస్3, మాది ఎస్6. అది మేం ఆలోచించలేదు. సీనియర్లకు పాత రాయితీ 2020 నుంచి లేదు, కాబట్టి ధర కూడా మాతో సమానమే. చిన్నోడికి బెర్తు కావాలన్నాం కనుక వాడికీ పూర్తి ఛార్జీయే. స్లీపర్‌లో ఐదుగురికి రానూపోనూ 4,400 అయింది.

దేవగిరి ఎక్స్‌ప్రెస్ నిజామాబాద్‌లో సాయంత్రం ఎక్కాం. ఎస్6లో కింది బెర్తు కుర్రాడిని అడిగితే మారుమాట లేకుండా ఎస్3కి వెళ్ళిపోయాడు. రాత్రికి పులిహోర, తర్వాతి రోజులకు మురుకులు, అటుకులు, వేయించిన పల్లీలు, రెండు కిలోల బరువు మోసుకెళ్ళాం. ఆ బరువు మాకు తక్కువలో తక్కువ 1,500 మిగిల్చింది.

శుక్రవారం పొద్దున ఏడు దాటాక సీఎస్ఎంటీలో, అంటే ఛత్రపతి శివాజీ మహరాజ్ టెర్మినస్‌లో దిగాం. అత్తమ్మ ప్లాట్‌ఫాం మీద నిలబడి పైకప్పు వంక చూస్తూ "వీటీ ఇట్లనే ఉన్నది" అన్నది. ఆమెకు అది ఇప్పటికీ వీటీ, విక్టోరియా టెర్మినస్.

లాడ్జి దాదర్ ఈస్ట్‌లో ఆన్‌లైన్‌లో బుక్ చేసుకున్నాం, రోజుకు 2,400. గది కోసమే పదిహేను రోజులు వెతికాను. సీఎస్ఎంటీ, కొలాబా వైపు ఐదుగురికి సరిపోయేది మా అందుబాటులో లేదు. వాషీ వైపు 700 తక్కువకు దొరుకుతోంది గానీ, అక్కణ్ణుంచి సీఎస్ఎంటీకి లోకల్‌లో దాదాపు గంట. రోజూ పోనూ రానూ ముసలామెతో రెండు గంటలు అంటే, ఆ 700 ఆదా కాదు. దాదర్‌లో సెంట్రల్, వెస్టర్న్ లైన్లు రెండూ కలుస్తాయి, వర్లీ దగ్గర. ఆ నిర్ణయం మాత్రం సరైనదే.

కానీ చెకిన్ పన్నెండింటికి. ముందే గది ఇస్తారా అని ఫోన్ చేస్తే 800 అడిగారు. వద్దనుకుని స్టేషన్ క్లోక్ రూమ్‌లో సామాను పెడదామని వెళ్ళాం. తాళం లేని సంచి తీసుకోరట. మా మూడు సంచులకూ జిప్పులే, తాళాల్లేవు. బయట ఫుట్‌పాత్ మీద చిన్న తాళాలు 60కి ఒకటి కొన్నాం. ఒక సంచికి జిప్పు రెండు కొసలూ కలవక తాళం పట్టలేదు. మావారు తన చెప్పుల సంచి తాడు విప్పి, రెండు కొసలనూ కట్టి, ఆ ముడిలోంచి తాళం వేశారు. కౌంటర్‌లో పెద్దాయన దాన్ని రెండుసార్లు లాగి చూసి తీసుకున్నాడు.

మొహాలు కడుక్కుని, వడాపావ్, కటింగ్ చాయ్‌తో టిఫిన్ చేశాం. ఐదుగురికి 190. చిన్నోడు ఆటో ఎక్కుదామని గొడవ. దక్షిణ ముంబైలో ఆటోలే తిరగవు. పశ్చిమాన బాంద్రా, తూర్పున సయాన్ దాటితేనే ఆటో కనబడుతుంది. ఇటు అన్నీ నలుపు పసుపు టాక్సీలే. మీటరు 31 రూపాయలతో మొదలవుతుంది, చూస్తే చవకే. చిక్కేమిటంటే నలుగురినే ఎక్కించుకుంటారు. చిన్నోణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుంటామన్నా మొదటి ముగ్గురు ఒప్పుకోలేదు. రెండు టాక్సీలంటే లెక్క మారిపోతుంది. అక్కణ్ణుంచి బస్సులు, లోకల్ రైళ్ళు. బెస్ట్ అనే సిటీ బస్సులో దగ్గరి దూరానికి మనిషికి 10, ఏసీ అయితే 12. లోకల్‌లో 5 రూపాయల టికెట్ ఇంకా ఉంది. పెద్దది నమ్మలేక టికెట్‌ని ఫోటో తీసుకుంది.

మధ్యాహ్నం లాడ్జికి వెళితే అసలు టెన్షన్ మొదలైంది. పెద్దవాళ్ళందరి ఒరిజినల్ ఆధార్ కావాలన్నారు. అత్తమ్మది మా దగ్గర జిరాక్స్ మాత్రమే. మావారి తమ్ముడికి ఫోన్ చేసి, వాడు ఇంటి తాళం తీసి బీరువాలో వెతికి ఫోటో పంపేసరికి ముప్పావుగంట. ఆ కౌంటర్ ముందు ప్లాస్టిక్ కుర్చీలో అత్తమ్మ తప్పు చేసినదానిలా తలవంచుకుని కూర్చుంది. అది చూసి నాకు ఏడుపొచ్చినంత పనైంది. తర్వాత, ఐదుగురికి అని రాసి ఉన్న గదికే అదనపు పరుపు అని రోజుకు 500 వేశారు. బుకింగ్ కాగితం చూపించినా వినలేదు. మూడు రాత్రులకు 7,200 కాస్తా 8,700 అయింది. వేడినీళ్ళు పొద్దున ఏడు నుంచి తొమ్మిది వరకే. గది మాత్రం శుభ్రంగా ఉంది. కిటికీ తీస్తే రైళ్ళు.

ఆ సాయంత్రం మెరైన్ డ్రైవ్. సముద్రం గోడ మీద రెండు గంటలు కూర్చున్నాం, పైసా ఖర్చు లేదు. చీకటి పడి వంపు పొడుగునా దీపాలు వెలిగినప్పుడు అత్తమ్మ చెప్పింది, తొమ్మిదేళ్ళలో తాను ఇక్కడికి రెండేసార్లు వచ్చిందని. "పని దినం ఎవడు తోల్కొస్తడు?" అన్నది.

తిరుగు ప్రయాణం ఏడున్నరకు చర్చ్‌గేట్ నుంచి. అసలు ఆ వేళప్పుడు లోకల్ ఎక్కకూడదు. నేను ఇంతగా చెప్పేది మేం పడ్డాం కనుక. అత్తమ్మా నేనూ లేడీస్ డబ్బాలో, మావారూ పిల్లలూ జనరల్‌లో. అది ఫాస్ట్ లోకల్. ముంబై సెంట్రల్ దాటితే దాదరే. సీటు దొరికిందని మేమిద్దరం లోపలికి వెళ్ళి కూర్చున్నాం, అదే పొరపాటు. దాదర్ వస్తోందని లేచేసరికి తలుపుకూ మాకూ మధ్య ఐదారు వరసల మనుషులు. రైలు ఆగింది. దిగేవాళ్ళు దిగారు, ఎక్కేవాళ్ళు అల వచ్చినట్టు వచ్చి మమ్మల్ని వెనక్కి నెట్టేశారు. అర నిమిషం కూడా లేదు, కదిలిపోయింది. అత్తమ్మ చెయ్యి నా చేతిలో చెమటకు జారిపోతోంది. ఫోన్ మోగుతోంది గానీ బ్యాగులోంచి తియ్యడానికి చెయ్యి కదలదు.

అప్పుడు అత్తమ్మ నోరు విప్పింది. "బాయీ, పుఢే సరకా, బాంద్రా ఉతరాయచే!" మరాఠీ. ఇన్నేళ్ళుగా ఆ నోట్లో నేను వినని భాష. ముందుకు జరగండి, బాంద్రాలో దిగాలి అని. ఆ ఆడవాళ్ళు ఒకరినొకరు నెట్టుకుంటూ దారి ఇచ్చారు. ఒకావిడ అత్తమ్మ భుజాలు పట్టుకుని తలుపు పక్క కమ్మీ దగ్గర నిలబెట్టి, మనం దిగే స్టేషన్‌కు ముందే తలుపు దగ్గరికి చేరాలనీ, ముందున్నవాళ్ళను "దాదరా?" అని అడుగుతూ జరగాలనీ హిందీలో నాకు చెప్పింది. బాంద్రాలో దిగి, కొత్త టికెట్ కొని, స్లో లోకల్ పట్టుకుని దాదర్ చేరేసరికి 40 నిమిషాలు. చిన్నోడు ప్లాట్‌ఫాం బెంచీ మీద ఏడ్చి ఏడ్చి నిద్రపోయాడు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

ఆ తర్వాత నియమం పెట్టుకున్నాం: పొద్దున 11 నుంచి సాయంత్రం 4 లోపే రైలు, ఎప్పుడూ స్లో బండే. టికెట్ యాప్‌లో తీసుకునేవాళ్ళకు ఒక మాట: స్టేషన్ లోపలికి వచ్చేశాక మామూలుగా తియ్యనివ్వదు. బయటే తీసుకోవాలి.

శనివారం ఎలిఫెంటా, సముద్రంలో దీవి మీద శివుడి గుహలు. సోమవారం మూసేస్తారు కనుక ముందే అనుకున్నాం. గేట్‌వే ఆఫ్ ఇండియా దగ్గర పడవ టికెట్ రానూపోనూ మనిషికి 260. అంతకుముందు ఏడాది, 2024 డిసెంబర్ 18న, అదే దారిలో పడవ ప్రమాదం జరిగింది. ఆ సంగతి గుర్తొచ్చి ఎక్కేముందు కాళ్ళు ఆడలేదు. అందరికీ లైఫ్ జాకెట్లు ఇచ్చారు. చిన్నోడిది వదులుగా ఉంటే అడిగి చిన్నది మార్పించాను. గంట ప్రయాణం. దిగాక గుహల దాకా నూట ఇరవై దాకా మెట్లు, రెండు పక్కలా అంగళ్ళు. డోలీవాళ్ళు చెప్పిన ధర వినగానే అత్తమ్మ చీర కొంగు నడుముకు దోపుకుని నడక మొదలుపెట్టింది. పది మెట్లకోసారి ఆగుతూ 35 నిమిషాలు. పైన టికెట్ 40, పదిహేనేళ్ళ లోపు పిల్లలకు లేదు.

మూడు ముఖాల శివుడి ముందు మేమంతా మాటల్లేకుండా నిలబడిపోయాం. మనిషికి మూడు నాలుగింతలు ఎత్తు, కళ్ళు మూసుకున్న ఆ మధ్య ముఖం. అత్తమ్మ చెప్పులు విప్పింది. అక్కడ పూజ జరగదు, చెప్పులు విప్పనక్కర్లేదు. ఆమెను చూసి పిల్లలూ విప్పారు. దిగుతుండగా ఒక కోతి మా మురుకుల సంచి గుంజుకుపోయింది. తిండి చేతిలో కనబడనివ్వకండి, నీళ్ళ సీసా కూడా.

ఆదివారం వర్లీ.

ఆదివారం అయితే చాళ్ళలో మనుషులు ఇళ్ళల్లో ఉంటారని ఆ రోజు పెట్టుకున్నాం. దాదర్ నుంచి బస్సు. అత్తమ్మ పొద్దున నాలుగుకే లేచి, తన దగ్గరున్న ఒక్క పట్టుచీర కట్టుకుని కూర్చుంది. జాంబోరీ మైదానం దగ్గర దిగాం. మైదానం చూడగానే ఆమె నడక మారిపోయింది. మోకాళ్ళ నొప్పులున్న మనిషి మా అందరికంటే ముందు నడిచింది. "గిటు పాలబూతు, గటు రేషన్ దుకాణం" అంటూ వేలు చూపిస్తోంది. చూపిన చోట రేకులు కట్టి ఉన్నాయి, రేకుల వెనక క్రేన్లు. ఒక పక్క కొత్త టవర్లు, మెడ వెనక్కి వంచితే తప్ప పైఅంతస్తు కనబడదు. ఆమె చెప్పిన నంబరు బిల్డింగ్ ఉండాల్సిన చోట నేల చదునుగా ఉంది.

అత్తమ్మ ఏడవలేదు. రేకు సందులోంచి చాలాసేపు చూసింది. "ఇంగ పాండ్రి" అని వెనక్కి తిరిగింది.

పక్కన ఇంకా పడగొట్టని పాత బిల్డింగులు కొన్ని ఉన్నాయి. ఒకదాని ముందు మెట్ల మీద కొత్తిమీర ఏరుతున్న పెద్దావిడ మమ్మల్ని చూసి ఎవరు కావాలని అడిగింది. అత్తమ్మ మరాఠీలో ఏదో చెప్పింది. మిల్లు, సంప్ అన్న రెండు మాటలే నాకు అర్థమయ్యాయి. సంప్ అంటే సమ్మె. ఆవిడ కొత్తిమీర పక్కన పెట్టి, అత్తమ్మ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. వాళ్ళాయనా మిల్లు మనిషేనట.

మధ్యలో పొడుగాటి చీకటి వరండా, రెండు వైపులా గదులు, చివర అందరికీ కలిపి మరుగుదొడ్లు. గది 160 చదరపు అడుగులు. మా వంటిల్లూ పూజగదీ కలిపితే అంత. మూలన చిన్న గట్టు కట్టిన మోరీ, గిన్నెలు కడగడానికీ స్నానానికీ అదే. అత్తమ్మ గోడకు పాదం ఆనించి, అడుగు పక్కన అడుగు వేసుకుంటూ కొలిచింది. ఈ గోడ నుంచి ఇక్కడిదాకా మామయ్య, మరిది, ఊరి నుంచి వచ్చి ఉన్న నలుగురు మనుషులు. రాత్రి పాళీ వాళ్ళు పొద్దున పడుకుంటారు, పగటి పాళీ వాళ్ళు రాత్రి. ఇక్కడ చీర అడ్డం కట్టి తను, మావారు. చేత్తో గాలిలో ఆ చీర ఉన్న గీత చూపించింది. మావారు ఆ గీతకు ఇటువైపు నేల మీద చతికిలబడి కూర్చుని, కాసేపు లేవలేదు. నేను ఆయన్ని అట్లా ఎప్పుడూ చూడలేదు. పెద్దావిడ అందరికీ చాయ్ ఇచ్చింది. అత్తమ్మకు మాత్రం గ్లాసు కింద బిస్కెట్లు పెట్టిన ప్లేటు. వచ్చేటప్పుడు మా అటుకులు, పల్లీలు మొత్తం ఆ ఇంట్లో పెట్టి వచ్చాం.

ఆ మధ్యాహ్నం ఒక్కపూట ఖర్చు చూసుకోకుండా తిన్నాం. మాటుంగా స్టేషన్ దగ్గర 1942 నుంచి నడుస్తున్న రామనాయక్ ఉడిపి భోజనం, అరటాకులో. వరసలో ముప్పావుగంట నిలబడాలి. మూడు రోజుల తర్వాత చారన్నం కడుపులో పడితే ప్రాణం లేచివచ్చింది. ఈ నాలుగు రోజుల్లో ఒక్క పూటకు అంత పెట్టింది అక్కడే, 900. అది సోమవారం ఉండదు.

సోమవారం గది ఖాళీ చేసి, ఈసారి మూడు తాళాలతో సంచులు క్లోక్ రూమ్‌లో పెట్టాం. మావారు అత్తమ్మను సిద్ధివినాయక్ గుడికి తీసుకెళ్ళారు. వచ్చేటప్పుడు కొత్తగా తెరిచిన భూగర్భ మెట్రోలో నేరుగా సీఎస్ఎంటీకి వచ్చారు. లిఫ్టులున్నాయి, మోకాళ్ళవాళ్ళకు అదే మేలు. నేను పిల్లలతో బైకల్లా జూకి వెళ్ళాను. నాకు 50, పిల్లలకు 25 చొప్పున, వంద రూపాయలకు పెంగ్విన్లను చూశారు. అత్తమ్మకు అది రాణీబాగ్. బస్సు కండక్టర్ కూడా ఆ పేరు చెబితేనే తల ఊపాడు. బుధవారం మూసి ఉంటుంది.

రైలెక్కి చిట్టా పుస్తకం తీసి కూడాను. గది 8,700, రైలు 4,400, తిండి 4,100, పడవ టికెట్లూ చూడ్డాలూ అన్నీ కలిపి 1,520, ఊళ్ళో తిరగడానికి నాలుగు రోజులకు ఐదుగురికి 1,600. దాదర్‌లో పిల్లలకు బట్టలు 1,800. తాళాలు, క్లోక్ రూమ్, మా ఊరి ఆటోలు 550. మొత్తం 22,670. గది అద్దె ఒక్కటే మూడోవంతు దాటింది. తిరగడానికైనది అంతకు ఐదో వంతు కూడా లేదు. ముందే తెలిసి ఉంటే గదులు వెతికిన ఆ పదిహేను రోజుల్లో ఒక్క రోజు ఫోన్ చేసి "ఐదుగురికి అదనంగా ఏమీ తీసుకోరు కదా" అని రాతలో తెప్పించుకునేదాన్ని.

ఈసారి అత్తమ్మకు కింది బెర్తు మా పెట్టెలోనే దొరికింది. ఇగత్‌పురి దగ్గర చలి మొదలైంది, దుప్పటి కప్పినా పడుకోలేదు. చిన్నోణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని మిల్లు భోంగా, అంటే సైరన్, ఎట్లా మోగేదో చెబుతోంది. ఒక మిల్లు భోంగా ఆగకముందే ఇంకోటి అందుకునేదట. తాతయ్య మిల్లుది ఏదో వంద మోతల్లోనూ తెలిసిపోయేదట. "ఎట్లుండేది నాయినమ్మా, ఒకసారి మోగించు" అన్నాడు వాడు. అత్తమ్మ చుట్టూ చూసింది. డబ్బాలో అందరూ నిద్రపోతున్నారు. వాడి చెవి దగ్గర నోరు పెట్టి, చేతులు అడ్డం పెట్టుకుని, సన్నగా మోగించింది.